ఆ ఇంట్లో అందరికీ తెలుసు

ఆమె పళ్ళు తయారు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు రోగుల చిగుళ్ళకు అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చులో ప్లాస్టరు పోసి దిమ్మె దింపుతుంది. దిమ్మె మీద గులాబీ రంగు మైనంతో చిగురు కట్టి, ఒక్కో పన్నూ అందులో నిలబెడుతుంది. ఆ పళ్ళు పెట్టుకునే మనుషుల్ని ఆమె ఎన్నడూ చూడదు. ల్యాబు ఒక మందుల గోదాము వెనకాల రెండు గదులు. ఒక గదిలో ఆమె, ఇంకో గదిలో పాలిష్ పట్టే పెద్దాయన. మధ్య గోడ ఉన్నా మిషను మోత ఆగినప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆ మోత ఎక్కువగా ఆగదు.

చెల్లెలి కూతురు మాటలు నేర్చే వయసులో ‘పళ్ళ పెద్దమ్మ’ అనలేక ‘పళ్ళమ్మ’ అంది. అదే స్థిరపడిపోయింది. చెల్లెలి వీధిలోకి కొత్తగా వచ్చిన ఒకావిడ అది విని, గేటు దగ్గర ఆపి, నారింజపళ్ళు ఉన్నాయా అని అడిగింది. “మావి తినే పళ్ళు కావండీ, తినడానికి పెట్టుకునే పళ్ళు” అంది పళ్ళమ్మ. ఆ మాట తలుచుకుని ఆ ఇంట్లో చాలా ఆదివారాలు నవ్వుకున్నారు.

పళ్ళమ్మ పెళ్ళి చేసుకోలేదు. వద్దని ఎవరూ అడ్డుపడలేదు, కావాలని ఎవరూ పట్టుపట్టలేదు. తండ్రి మంచాన ఉన్నన్నాళ్ళు ఆయన్ని చూసుకుంది. ఆయన పోయేసరికి చెల్లెలికి పెళ్ళయి పిల్ల పుట్టింది, తనకు ఒక గది, ఒక ఉద్యోగం ఉన్నాయి. గది మూడో అంతస్తులో. కిటికీ తీస్తే ఎదురు మేడ వాళ్ళ కిటికీ. వారమంతా ల్యాబు, ఆదివారం చెల్లెలి ఇల్లు. ఆ ఇంట్లో తలుపు వెనక ఆమె సంచికి ఒక కొక్కెం ఉండేది. గుమ్మం పక్కన ఆమె చెప్పుల జత ఒకటి ఎప్పుడూ ఉండేది. తనకు ఇల్లు ఒకటి కాదు, ఒకటిన్నర ఉన్నాయని ఆమె అనుకునేది.

మరిది ఒక టైల్సు గోదాములో సూపర్వైజరు. పనిమంతుడు. ఇంట్లో ఏది చెడినా తనే బాగు చేస్తాడు. మేస్త్రీని పిలవడమంటే ఆయనకు అప్పులవాణ్ణి కూర్చోబెట్టి మర్యాద చేసినట్టు ఉంటుంది. మేడ మీదకు వెళ్ళడానికి బయటి గోడకు ఆనించి ఇనప మెట్లు పెట్టింది కూడా ఆయనే. ఒక పక్క గోడ, ఒక పక్క రెయిలింగు. ఎవరు వచ్చినా ఆ మెట్లు చూపించి, బయట చేయిస్తే ఎంతయ్యేదో చెప్పేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. చెల్లెలు పొయ్యి దగ్గర ఉంది. మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. నేను తెస్తానుండు అని పళ్ళమ్మ లేచింది. ఎక్కేటప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి, ఏదీ పట్టుకోలేదు. దిగేటప్పుడు ఎడమ భుజం మీద బట్టల మూట ఉంది. చినుకులు మొదలై ఇనప మెట్టు జారుతోంది. మలుపు దగ్గర కుడిచేత్తో రెయిలింగు పట్టుకుంది. అది తలుపు తెరుచుకున్నంత సులువుగా అవతలికి వాలిపోయింది. దానితో పాటే ఆమె. కింద బట్టలుతికే బండ ఉంది. మూట బండ మీద పడింది, ఆమె దాని పక్కన గచ్చు మీద పడింది. మూట మీద పడి ఉంటే ఏమీ అయ్యేది కాదని తర్వాత అందరూ అన్నారు.

చెల్లెలు గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. అక్కను చూసింది, తల పైకెత్తి వేలాడుతున్న రెయిలింగును చూసింది.

“అయ్యో, అది పట్టుకున్నావా?” అంది.

నొప్పిలో ఆ మాట పళ్ళమ్మ చెవిన పడింది గాని మనసున పడలేదు.

కుడి మోచెయ్యి విరిగింది, మణికట్టు నలిగింది. ఆస్పత్రిలో కోసి లోపల రేకు పెట్టి మరలు బిగించారు. చేర్చుకునే కిటికీ దగ్గర ఎలా జరిగిందని అడిగితే, మా చెల్లెలి ఇంట్లో మెట్ల రెయిలింగు ఊడి పడ్డానని చెప్పింది. చెల్లెలు పక్కనే ఉంది. అవునండీ అని తనూ తలూపింది. కిటికీలో మనిషి అలాగే రాసుకుంది. ల్యాబు వాళ్ళు ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు పళ్ళమ్మ సంచిలో ఉంది. బిల్లు ఆ కంపెనీ కట్టింది. అంతటితో అయిపోయిందనుకున్నారు.

ఆస్పత్రి నుంచి చెల్లెలు తన ఇంటికే తీసుకెళ్ళింది. తల దువ్వింది, అన్నం కలిపి నోటికి అందించింది, రాత్రుళ్ళు పక్కనే పడుకుంది. చిన్నప్పుడు ఇదంతా అక్క చెల్లెలికి చేసింది. చెల్లెలి కూతురు, ఇంట్లో చిన్నది, కాలేజీ నుంచి రాగానే “పళ్ళమ్మా, ఇవాళ నీ వేళ్ళు ఆడాయా?” అని అడిగి, ఒక్కో వేలూ మెల్లగా వంచి చూసేది. నొప్పి తీసేస్తే అవి మంచి రోజులే. ఒక్క మరిది మాత్రం గదిలోకి వచ్చేవాడు కాదు. గుమ్మం దగ్గరే నిలబడి, ఎలా ఉంది వదినా అని అడిగి, జవాబు సగంలో ఉండగానే కదిలేవాడు. ఆమె పడిన మర్నాడే ఆయన సెలవు పెట్టి రెయిలింగు మళ్ళీ బిగించాడు. డ్రిల్లు గోడలో దిగుతున్న చప్పుడు ఆస్పత్రిలో ఉన్న ఆమె వినలేదు గాని, వచ్చాక కిటికీలోంచి కొత్త బోల్టులు మెరవడం చూసింది. పాపం, సిగ్గుపడుతున్నాడనుకుంది.

కట్టు విప్పాక తన గదికి వచ్చేసింది. వచ్చిన వారంలోనే ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు మర్యాదగా ఉంది. ఎక్కడ పడ్డారు, ఆ ఇల్లు ఎవరిది, ఆ రెయిలింగు పెట్టింది ఎవరు అని అడిగింది. పళ్ళమ్మ ఒక్కోదానికి జవాబు చెప్పింది. ఆ ఇంటాయన పేరు కూడా చెప్పింది. అమ్మాయి, జాగ్రత్తగా ఉండండమ్మా అని ఫోన్ పెట్టేసింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది వీధులు దాటి మరిది గుమ్మంలో నోటీసుగా దిగింది. ఇంకొకరి అశ్రద్ధ వల్ల దెబ్బ తగిలినప్పుడు బిల్లు ఆ బాధ్యుల దగ్గర రాబట్టుకునే హక్కు కంపెనీకి ఉందట. ఇంటికి ఇన్సూరెన్సు ఉంటే ఆ వివరాలు పంపాలట, లేకపోతే సంజాయిషీ ఇవ్వాలట. చెల్లెలు ఫోన్లో అదంతా తడబడుతూ చదివింది. చదివి, “ఏం చెప్పావక్కా వాళ్ళకి?” అని అడిగింది.

అడిగినవాటికి చెప్పానంది పళ్ళమ్మ. తను కేసేమీ పెట్టలేదని, ఇది కంపెనీ వాళ్ళ పద్ధతని, ఇంటి ఇన్సూరెన్సు వాళ్ళు కట్టేస్తారేమోనని కూడా అంది. ఆ ఇన్సూరెన్సు కట్టడం మానేసి చాలా కాలమైందని, ఆ సంగతి తనకూ నోటీసు వచ్చాకే తెలిసిందని చెల్లెలు చెప్పింది. ఏనాడూ ఏమీ కాని ఇంటికి ఎందుకు దండగ అనుకున్నాడట.

మరుసటి ఆదివారం రమ్మని ఎవరూ పిలవలేదు. అంతకు ముందూ ఎప్పుడూ పిలవలేదు, ఆమే వెళ్ళేది. అయినా పిలవకపోవడం ఆ ఆదివారమే తెలిసింది. బస్సు స్టాపు దాకా వెళ్ళి, బస్సు వస్తుంటే చూసి, కూరగాయలు కొనడానికి వచ్చినట్టు పక్కకు తిరిగి వెళ్ళిపోయింది.

మధ్యలో ఒక రోజు చెల్లెలే వచ్చింది. మెట్లెక్కి రొప్పుతూ వచ్చి మంచం మీద కూర్చుంది. ఇల్లు చూసింది. ఒంటి చేత్తో ఊడ్చిన ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది. లేచి చీపురు తీసుకోబోతే పళ్ళమ్మ వద్దంది. చెల్లెలు చాలాసేపు చిన్నదాని చదువు గురించి, గోదాములో ఈ మధ్య జీతాలు ఆలస్యమవుతున్న సంగతి గురించి చెప్పింది. అసలు మాట చివరికి వచ్చింది. కంపెనీ మనిషి విచారణకు వస్తాడట. ఆ మనిషితో కళ్ళు తిరిగి పడ్డానని చెబితే చాలట. ఎవరో తెలిసిన వకీలు చెప్పాడట.

“పడింది నువ్వే కదక్కా. ఎలా పడ్డావో నీ మాటే చెల్లుతుంది” అంది.

పళ్ళమ్మ తన చెయ్యి చూసుకుంది. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు.

“నేనొకటి అడుగుతాను. అది ఊగుతోందని మీకు ముందే తెలుసా?”

చెల్లెలు చీర కొంగు సర్దుకుంది. “తెలుసు. ఆయన చేద్దాం చేద్దాం అంటూనే ఉన్నాడు.”

“చిన్నదానికి?”

“దానికి నేనే చెప్పా. పైకి ఎప్పుడెళ్ళినా గోడ పక్కనే నడవమని. మేమందరం గోడ పక్కనే నడుస్తాం.”

“మరి నాకు?”

చెల్లెలు తలెత్తి చూసింది. ఆమె ముఖంలో కపటం ఏమీ లేదు. నిజంగానే ఆశ్చర్యం ఉంది.

“నీకు చెప్పలేదా?” అంది.

చెల్లెలు వెళ్ళిపోయాక పళ్ళమ్మ ఆ మంచం మీదే కూర్చుండిపోయింది. పడిన రోజున విన్న మాట అప్పుడు అర్థమైంది. అది పట్టుకున్నావా అంది చెల్లెలు. ఏమైంది అనలేదు. ఎలా పడ్డావు అనలేదు. ఆ ఇంట్లో అది పట్టుకోకూడనిదని ముగ్గురికీ తెలుసు. పాలు పోసే మనిషికి కూడా తెలిసి ఉంటుంది. నాలుగో మనిషి తాననుకుంది. వాళ్ళు ముగ్గురే.

ఒంటి చేత్తో బతకడం ఆమెకు అప్పుడు ఇంకా కష్టమైంది. అంతకు ముందు సీసా మూత తిరక్కపోతే నవ్వొచ్చేది. ఇప్పుడు ఏడుపొచ్చేది. పళ్ళతో ప్యాకెట్లు చింపకండి, అరిగిపోతాయి అని ఎదురైనవాళ్ళకల్లా చెప్పిన మనిషి, బిస్కెట్ల ప్యాకెట్టు నోటితో కొరికి చింపి, సింకు దగ్గర నిలబడి తినేది. జుట్టు ముడి పడక వదిలేసేది. ఎదురు కిటికీ వాళ్ళు తలుపు వేసుకుంటే, తన జుట్టు చూసే వేసుకున్నారనిపించేది.

విచారణకు వచ్చినాయన నడివయసు మనిషి. మెట్లెక్కి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. నవ్వినప్పుడు ముందు పన్ను ఒకటి మిగతా పళ్ళ కంటే తెల్లగా కనబడింది. పెట్టుడు పన్ను. రంగు కుదరలేదు. ఇంకో రోజైతే పళ్ళమ్మ ఆ మాట అనేసి ఉండేది.

ఆయన తొందరపెట్టలేదు. చెయ్యి ఎలా ఉందని అడిగాడు. పని ఏమిటో అడిగి, అయితే కుడిచెయ్యే ఆధారమన్నమాట అన్నాడు. తర్వాత కాగితాలు తీసి విషయం విడమరిచి చెప్పాడు.

“చూడండమ్మా. మీ అంతట మీరు పడితే బిల్లు మాది. మీరు కట్టేదీ లేదు, ఇంకెవరూ కట్టేదీ లేదు. వాళ్ళ అశ్రద్ధ వల్ల పడితే వాళ్ళ దగ్గర వసూలు చేస్తాం. ఏది జరిగిందో మీరే చెప్పాలి.”

ఆస్పత్రిలో తాను చెప్పింది రాసుకున్నారు కదా అంది పళ్ళమ్మ.

“రాసుకున్నారు. నొప్పిలో ఉన్న మనిషి ఏదో అని ఉంటుంది అని మేం అనుకోవచ్చు. అనుకోకపోవచ్చు. ఇవాళ మీరు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది.” ఇది చెప్పి ఆయన కిటికీ వైపు చూశాడు. ఆమెకు టైము ఇస్తున్నాడని ఆమెకు తెలిసింది.

అబద్ధం చెబితే తనకు పోయేదేమీ లేదు. చెల్లెలి ఇల్లు నిలబడుతుంది. ఆదివారాలు తిరిగి వస్తాయి. చెప్పాల్సింది ఒక్క మాట, కళ్ళు తిరిగాయి అని. ఆమె నోరు తెరిచింది కూడా ఆ మాట కోసమే. కానీ ఆయన అప్పటికే ఇంకో ప్రశ్న అడిగేశాడు. అడగాల్సిన వరసలో అడిగాడంతే, అందులో ఏ ఉద్దేశమూ లేదు.

“రెయిలింగు వదులుగా ఉందని ఆ ఇంట్లోవాళ్ళకు ముందే తెలుసా? మీకు చెప్పారా?”

“తెలుసు” అంది పళ్ళమ్మ. “అందరికీ తెలుసు. నాకు చెప్పలేదు.”

ఆయన రాసుకున్నాడు. చదివి వినిపించి, ఎడమచేత్తో సంతకం పెట్టించుకున్నాడు. మెట్లు దిగుతూ ఒక మెట్టు మీద ఆగి, మీరు చెప్పింది నిజమే కదమ్మా, మీరు బాధపడాల్సిందేమీ లేదు అన్నాడు. నిజమే. కాని తను అది నిజం కాబట్టి చెప్పిందో, కోపంతో చెప్పిందో ఆమెకు అప్పుడు తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు.

కంపెనీ మరిది మీదకు వెళ్ళింది. కోర్టుదాకా పోకుండా నెలనెలా కట్టేటట్టు ఒప్పందమైందని చిన్నది ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పింది. కొత్త స్కూటరు కొనడం వాయిదా పడిందని, అమ్మ తక్కువ మాట్లాడుతోందని కూడా చెప్పింది. “నీ మీద కోపం లేదు పళ్ళమ్మా” అంది చివర్న. ఆ పిల్లకు అంతకు ముందెప్పుడూ అలాంటి మాట అనాల్సిన అవసరం రాలేదు.

పళ్ళమ్మ ల్యాబుకు తిరిగి వెళ్ళింది. యజమాని మంచివాడే. పళ్ళు నిలబెట్టే పని వేరే అమ్మాయికి ఇచ్చి, ఆమెకు రంగులు కుదిర్చే పని ఇచ్చాడు. చిగుళ్ళకు, పళ్ళకు ఏ రంగు సరిపోతుందో రంగుల పట్టీ పక్కన పెట్టి చూసి చెప్పడం. కళ్ళు చాలు, చేతులు అక్కర్లేదు. పక్క గదిలో పాలిష్ పెద్దాయన మిషను ఆపినప్పుడల్లా ఏదో ఒక కబురు చెప్పి నవ్వించాలని చూసేవాడు. ఒకసారి, పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గాని తల్లీ, ఆ రాళ్ళే లేకపోతే మనకు జీతాలెక్కడివి అన్నాడు. ఆమె నవ్వింది. మిషను మళ్ళీ మొదలైంది.

ఆదివారాలు ఏం చెయ్యాలో తెలియలేదు. ఒక ఆదివారం గది కడిగింది. ఒక ఆదివారం పార్కులో బెంచీ మీద కూర్చుంటే, పక్కన కూర్చున్న ముసలావిడ ఎవరి కోసం చూస్తున్నావమ్మా అని అడిగింది. మా చెల్లెలు వస్తుందండీ అంది పళ్ళమ్మ. అబద్ధమాడటం తనకు చాతకాదనుకునేది. అలవోకగా వచ్చేసింది. ఇంత సులువుగా ఆ రోజున రాకపోయిందే అనుకుంటూ లేచి ఇంటికి నడిచింది.

వానాకాలం వెళ్ళాక ఒక మధ్యాహ్నం మరిది ల్యాబుకు వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అదే మొదలు. బల్లల నిండా ప్లాస్టరు దవడలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. పళ్ళమ్మ స్టూలు చూపించింది. కూర్చున్నాడు. మనిషి చిక్కాడు. దవడ కండరం కదులుతోంది, పళ్ళు బిగించి మళ్ళీ వదులుతున్నాడు.

“నేనేం అడగడానికి రాలేదు వదినా.”

“చెప్పు.”

“మీరు అబద్ధం చెప్పలేదు. అది నాకు తెలుసు. మొదట్లో మీరు నన్ను వీధిలోకి ఈడ్చారనుకున్నాను. మీ చెల్లెలితో కూడా అన్నాను. అంత మాట అనకూడదు.” ఎదురుగా ఉన్న ఒక దవడ వైపు చూపు తిప్పాడు. “మీకు చెప్పలేదన్న సంగతే నాకు తట్టలేదు. మా వంటింటి తలుపు ఎత్తి నెట్టాలి. బాత్రూంలో వేడినీళ్ళ పంపు తిరగేసి తిప్పాలి. అవన్నీ మీకు తెలుసు. ఇదీ తెలుసనే అనుకున్నా. మీరు చుట్టమైతే చెప్పేవాణ్ణి. చుట్టాలకు చెబుతాం.”

పళ్ళమ్మ ఈ మాట ఎన్నడూ ఊహించలేదు. చెప్పకపోవడానికి తను పరాయిదని ఒకటే కారణం ఉంటుందనుకుంది. ఇన్నాళ్ళూ ఆ ఒక్కదాన్నే నములుతూ కూర్చుంది. ఆయన అంటున్నది నిజమో, ఆలోచించి ఆలోచించి ఆయన కూడగట్టుకున్న సమాధానమో తెలియలేదు. రెండూ కావచ్చు.

“ఆ తలుపూ, ఆ పంపూ నాకు ఎవరూ చెప్పలేదు” అంది నెమ్మదిగా. “తలుపు కింద కాలి వేలు నలిగి తెలిసింది. పంపు దగ్గర చెయ్యి కాలి తెలిసింది. ఇదీ పడి తెలిసింది.”

ఆయన తలూపాడు. పక్క గదిలో మిషను ఆగింది. ఆ నిశ్శబ్దంలో, “తప్పు నాదే వదినా” అన్నాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు. మిషను మళ్ళీ మొదలైంది.

ఆ మాట కోసమే ఆమె ఇన్నాళ్ళూ కాచుకుంది. వస్తే గుండె తేలికవుతుందనుకుంది. వచ్చింది. లోపల ఖాళీ అలాగే ఉంది. ఏదో అనాలి కాబట్టి, కట్టేదాంట్లో సగం తను పెట్టుకుంటానంది.

“అది మాత్రం అనకండి” అన్నాడాయన వెంటనే. గొంతులో పాత బింకం ఒక్క క్షణం తిరిగొచ్చింది. లేచి నిలబడి, ఆదివారం రమ్మని పిలిచాడు.

వెళ్ళింది. చెల్లెలు గేటు దగ్గరే ఎదురొచ్చింది. చిన్నది సంచి అందుకుంది. వంటింట్లోకి వెళ్ళబోతే, నువ్వు కూర్చో అక్కా అని హాల్లో కూర్చోబెట్టారు. మంచి గ్లాసులో మంచినీళ్ళు ఇచ్చారు. ఆ గ్లాసులు బయటివాళ్ళు వచ్చినప్పుడు తీసేవి. భోజనం దగ్గర అడగక ముందే వడ్డించారు. మరిది గోదాము కబుర్లు రెండు చెప్పి, పని ఉందంటూ మేడ మీదకు వెళ్ళాడు. ఆమె లేచినప్పుడల్లా ఎవరో ఒకరు లేచారు. పళ్ళమ్మా, అక్కడ తడిగా ఉంది. అక్కా, ఆ కుర్చీ కాలు కాస్త కదులుతుంది, ఇందులో కూర్చో. ఆ గడప చూసుకో. ఇన్నేళ్ళుగా దాటిన గడపే. ప్రేమతోనే అన్నారు, అందులో అనుమానం లేదు. ఆమె సాయంత్రం దాకా ఉండాలనుకుని, ఎండ తగ్గకముందే బయల్దేరింది.

చెల్లెలు బస్సు స్టాపు దాకా వచ్చింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. చెల్లెలు ఆమె కుడిచెయ్యి తీసుకుని మచ్చ మీద వేలితో రాసింది.

“నేనే చెప్పి ఉండాల్సిందక్కా. చిన్నదానికి చెప్పినట్టే” అంది.

“పోనీలే.”

“పోదు. నాకు తెలుసు నీకు పోదని.”

బస్సు రాగానే పళ్ళమ్మ ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. చెల్లెలు చెయ్యి ఊపుతూ నిలబడింది. బస్సు కదిలాక కూడా చెయ్యి దించకుండా నిలబడింది.

ఆ తర్వాత నెలకోసారి వెళ్ళేది, ఒక్కోసారి అదీ లేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు. చెయ్యి బాగానే కుదిరింది. పిడికిలి మాత్రం గట్టిగా మూసుకోదు. ల్యాబులో ఇప్పుడు ఆమె రంగుల మనిషి. డాక్టర్లు కొందరు రోగుల్ని నేరుగా ఆమె దగ్గరికే పంపుతున్నారు. కిటికీ వెలుగులో నిలబెట్టి, కొంచెం నవ్వండి అంటుంది. కొందరు సిగ్గుపడతారు, కొందరు పళ్ళు పోయాక నవ్వడమే మానేశామంటారు. తొందరేం లేదండీ అని కూర్చోబెడుతుంది. ముఖాలతో పని ఆమెకు ఈ వయసులో కొత్త. సాయంత్రమయ్యేసరికి వాళ్ళంతా ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు.

బాకీ పూర్తిగా తీరిందని, ఫైలు మూసేశామని కంపెనీ వాళ్ళు ఒక రోజు ఆమెకు ఫోన్ చేసి చెప్పారు. వారం మధ్యలో రోజు. మరిది గాని, చెల్లెలు గాని ఆ మాట చెప్పలేదు. ఆమె రంగుల పట్టీ పక్కన పెట్టి చెల్లెలికి ఫోన్ చేసింది.

“ఏంటక్కా, ఏమైనా అయిందా?” అంది చెల్లెలు ఎత్తగానే. వారం మధ్యలో ఆమె ఫోన్ చెయ్యదు.

“ఏం లేదు. ఊరికే చేశా.”

“ఊరికేనా?”

“ఊరికే.”

అవతల చెల్లెలు ఏదో పని ఆపి కూర్చున్న చప్పుడు వినిపించింది. కూర్చుని, చిన్నదానికి పరీక్షలు మొదలయ్యాయని చెప్పడం మొదలుపెట్టింది. పళ్ళమ్మ వింటూ ఉండిపోయింది.